డ్రాగన్ తొక్క: రంగు కోసం వెళ్తే జిగురు దొరికింది

డ్రాగన్ ఫ్రూట్ బరువులో దాదాపు మూడో వంతు తొక్కే. 350 గ్రాముల పండు కోసి తూస్తే నా త్రాసు మీద తొక్క 100 గ్రాములు దాటింది. విజయవాడ పటమటలో మా వీధి చివర జ్యూస్ సెంటర్ ఉంది. వానలు మొదలైన దగ్గర్నుంచి కార్తీకం వెళ్ళేదాకా అక్కడ ఈ పండుకి గిరాకీ బాగా ఉంటుంది. సాయంత్రానికి ఆ గులాబీ తొక్కలన్నీ డబ్బాలో స్ట్రాలతోనూ ఐసునీళ్ళతోనూ కలిసిపోయి కార్పొరేషన్ బండి ఎక్కుతాయి. నేను ఇంట్లో పొడులు, పచ్చళ్ళు, వడియాలు చేసి తెలిసినవాళ్ళకి ఇస్తుంటాను. బీరపొట్టు పచ్చడి, ఆనపకాయ తొక్క పచ్చడి, అరటి తొక్క వేపుడు మా ఇంట్లో మామూలు వంటలే. పుచ్చకాయ తిన్నాక మిగిలే తెల్లభాగంతో కూర కూడా వండుతాం. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, అంత తొక్క రోజూ చెత్తలోకి పోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమే.

అయినా నన్ను ఇందులోకి లాగింది పొదుపు కాదు, రంగు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు పీచు మిఠాయి అమ్మకూడదన్నాయి. బట్టల అద్దకంలో వాడే రోడమిన్-బి అనే గులాబీ రంగు అందులో తేలింది. మార్చిలో కర్ణాటక కూడా పీచు మిఠాయిలోనూ గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులు కలపకూడదని ఆదేశం ఇచ్చింది. ఆ వార్తలు వచ్చాక నా దగ్గర సగ్గుబియ్యం వడియాలు కొనే తల్లులు అడగడం మొదలుపెట్టారు, "ఆ గులాబీవాటిలో ఏం కలుపుతారండీ?" అని. నేను కలిపేది బీట్‌రూట్ రసం. దాంతో చిక్కల్లా మట్టి వాసన. పిల్లలు ఇట్టే పట్టేస్తారు. డ్రాగన్ తొక్క కొరికి చూస్తే తీపీ లేదు, వగరూ లేదు, పచ్చి గడ్డి వాసన కొద్దిగా తగులుతుంది, అంతే. ఇంత చప్పటి దానికి అంత రంగు ఉంటే ఎవరికి ఆశ పుట్టదు?

మా అక్క కొడుకు బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేశాను. "పిన్నీ, అది బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగే. బీటాసయనిన్ అంటారు. నీళ్ళలో కరిగిపోతుంది. పులుపు ఉంటే నిలుస్తుంది, వేడీ వెలుతురూ గాలీ తగిలితే పోతుంది. వంటసోడా దగ్గరికి కూడా రానివ్వకు" అని పాఠం చెప్పాడు. నేరేడు పండు, నల్ల ద్రాక్షల ఊదా రంగు వేరే జాతిదట, ఈ రెండు జాతుల రంగులూ ఒకే మొక్కలో ఉండవట. ఇంకో మాట కూడా అన్నాడు. "రంగు సంగతి తర్వాత, ఆ తొక్కలో పెక్టిన్ దండిగా ఉంటుంది, ముందు దాన్ని చూడు." జామ్ గట్టిపడేది ఆ పెక్టిన్ వల్లే. నాకు మాత్రం అప్పుడు కళ్ళ నిండా గులాబీయే ఉంది.

ఈ పండు జెముడు జాతిదని తెలిసి మా మామయ్యగారికి హుషారొచ్చింది. ఆయనది మాచర్ల వైపు పల్లె. చిన్నప్పుడు మేకల వెంట వెళ్ళి చేల గట్ల మీద నాగజెముడు పళ్ళు కోసుకు తినేవారట. ఆ పండు మీద కంటికి ఆనని నూగుముళ్ళుంటాయి. ఇసుకలో వేసి చెప్పుకాలితో బాగా దొర్లించి, అప్పుడు ఒలుచుకునేవారట. ఇంటికొచ్చేసరికి నోరంతా ఎర్రగా ఉంటే దొంగతనం దొరికిపోయేదట. మన డ్రాగన్ పండుకి ఆ బాధ లేదు, ముళ్ళు తీగకే గాని పండుకి ఉండవు. జెముడుకీ ఎరుపుకీ పాత సంబంధమే. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ నాగజెముడు తోటే పెంచాడు, దాని మీద బతికే కోచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీయించాలని. 1795లో మన దేశానికి చేరిన పురుగు నాసిరకంది కావడంతో రంగు వ్యాపారం నిలదొక్కుకోలేదు, పురుగు మాత్రం జెముడు పొదల్ని శుభ్రంగా తినేసింది. జెముడు రంగు వెనక పడ్డవాళ్ళలో నేనేం మొదటిదాన్ని కాదన్నమాట.

ఇక పనిలోకి వస్తే, తొక్కలు సంపాదించడమే మొదటి తంటా. చెత్తడబ్బాలోంచి తీసినవి పనికిరావు. పండు కొయ్యకముందే కడగాలి, తొక్కని వేరే మూత డబ్బాలో వేయాలి, ఆ డబ్బా ఫ్రిజ్‌లో ఉండాలి. జ్యూస్ సెంటర్ అబ్బాయికి ఇదంతా చెబితే "గేదెలకా ఆంటీ?" అన్నాడు. "కాదు, మనుషులకే" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, సరే డబ్బా మీరే ఇవ్వండి అన్నాడు. ఫ్రిజ్ ఎందుకంటే, శ్రావణ మాసపు ఉక్కలో కోసిన తొక్క రెండు మూడు గంటలు బయట ఉంటే చాలు, అంచులు గోధుమరంగుకి తిరిగి పుల్లటి వాసన వస్తుంది. లోపలి గుజ్జు తెల్లదైనా ఎర్రదైనా తొక్క గులాబీయే, రెండు రకాలూ పనికొస్తాయి. పసుపు తొక్క రకం ఎప్పుడైనా వచ్చినా దాంతో నాకు పని లేదు.

తొక్క మీద రెక్కల్లా లేచి ఉండే పొలుసుల్ని కత్తెరతో తీసేయాలి. వాటి కొసలు ఆకుపచ్చగా ఉంటాయి. అవి కలిస్తే పొడి గులాబీ కాకుండా మట్టి రంగుకి దిగుతుంది, పైగా పీచుపీచుగా నాలిక్కి తగులుతుంది. కాడ దగ్గర గట్టి ముక్క, నల్ల మచ్చలున్న చోట్లు, స్టిక్కరు, దాని జిగురు అన్నీ పోవాలి. ఈ పనికి పట్టే సమయం చూస్తే బీరకాయ చెక్కు తీయడం నయమనిపిస్తుంది.

అసలు భయం మందులది. ఈ పండు తినేవాళ్ళు తొక్క తినరు కాబట్టి మందు కొట్టేవాళ్ళకి తొక్క గురించి ఆలోచన ఉండదు. వానాకాలంలో తీగకి కుళ్ళు రాకుండా రాగి మందులు కొడతారు. పొలుసు మొదళ్ళలో నీలం కలిసిన తెల్లటి పొడి కనపడితే అనుమానించాల్సిందే. కడిగితే పైది పోతుందిగాని లోపలికి ఇంకినది పోదు. అందుకని జ్యూస్ సెంటర్ తొక్కల్ని నా ప్రయోగాలకే ఉంచుకుని, ఇంట్లో తినేవాటికి గన్నవరం అవతల తోట వేసుకున్న ఒక రైతు దగ్గర పళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు, ఏం కొట్టారు అని అడిగితే విసుక్కోకుండా చెప్పేవాడు దొరకడం అదృష్టం. వాన దెబ్బకి పగిలిన పళ్ళు ఆయనకీ అమ్ముడుపోవు, తక్కువ ధరకి ఇస్తాడు.

కడగడం ఉప్పునీళ్ళతో ఒకసారి, కుళాయి ధార కింద ఒకసారి, చివర్లో నిమ్మరసం పిండిన నీళ్ళలో ఒకసారి. కూరగాయలకి వాడినట్టు వంటసోడా వాడితే ఏమవుతుందో చూద్దామని ఒక గిన్నెలో నాలుగు ముక్కలు విడిగా వేశాను. గులాబీ ముందు ఊదాకి తిరిగింది, కాసేపటికి పసుపు నీళ్ళయింది. మా వాడు చెప్పిన పాఠం కళ్ళారా చూసినట్టయింది. రాగి, ఇత్తడి, ఇనుము కూడా ఈ రంగుకి శత్రువులే. అందుకని స్టీలు చాకు, స్టీలు గిన్నె, గాజు సీసా తప్ప ఇంకేవీ వాడలేదు. ఇత్తడి గిన్నెలో అయితేనే రుచి అనే మా అత్తయ్యకి ఇది నచ్చలేదు.

ఎండబెట్టడం దగ్గర అసలు కథ మొదలైంది. పక్కనే గుంటూరు, కళ్ళాల్లో మిరపకాయలు ఎండబెట్టడంలో మనల్ని మించినవాళ్ళు లేరనుకుంటాం. ఒరుగులు పెట్టని ఇల్లు లేదు. అయితే అదంతా మాఘం నుంచి రోహిణీ కార్తె దాకా. డ్రాగన్ పండు వచ్చేది ఆషాఢం తర్వాత. ఎండ ఉన్నప్పుడు పండు లేదు, పండు ఉన్నప్పుడు ఎండ లేదు. మబ్బు విడిచిన రోజు డాబా మీద పల్చటి గుడ్డ కప్పి ఆరబెడితే తొక్క ఎండింది, కానీ వెలుతురుకి రంగు సగం ఎగిరిపోయి పాత రవిక గుడ్డలా తయారైంది. సరే నీడన అని హాల్లో ఫ్యాను కింద పరిస్తే, కృష్ణ ఒడ్డు తేమకి మర్నాటికే బూజు వాసన. ఆ పళ్ళెం పెంటకుప్పకే.

గుంటూరు బ్రాడీపేటలో మా వదిన మునగాకు, కరివేపాకు పొడులు చేస్తుంది. ఆవిడ దగ్గర అరలున్న చిన్న కరెంటు డ్రయ్యర్ ఉంది. డబ్బాలో ఐసు పెట్టుకుని బస్సులో తొక్కలు మోసుకెళ్ళాను. "వదినా, విజయవాడ చెత్త గుంటూరు తెచ్చావా?" అని నవ్వుతూనే అరలు ఖాళీ చేసి ఇచ్చింది. మా వాడి సలహా ప్రకారం ఎండబెట్టేముందు ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టాం. తొక్కని గోధుమరంగుకి తిప్పే ఎంజైములు దాంతో చచ్చిపోతాయి. నీళ్ళలో వేసి ఉడికిస్తే కూడా చస్తాయిగాని రంగంతా నీళ్ళలోకి దిగిపోతుంది, అందుకే ఆవిరి. తర్వాత నిమ్మరసం చిలకరించి, వేలెడు వెడల్పు పేలికలుగా కోసి, లోపలివైపు పైకి ఉండేలా పరిచి, 55 డిగ్రీల దగ్గర పెట్టాం. ఎనిమిది తొమ్మిది గంటలకి విరిస్తే పటుక్కుమనేలా ఎండింది. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే.

మిక్సీలో వేసి జల్లిస్తే వచ్చిన పొడి చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. అంత చక్కటి గులాబీ. త్రాసు మీద పెట్టాక మాట వచ్చింది. కిలో తొక్కకి 80 గ్రాములు కూడా తూగలేదు. పచ్చి తొక్కలో పదింట తొమ్మిది వంతులకి పైగా నీళ్ళే మరి. పైగా ఈ పొడి గాలిలో తేమని ఎంత ఆశగా లాగుతుందంటే, మూత తీసి మాట్లాడుతూ కూర్చున్నంతలో అంచులు ఉండ కట్టాయి. గాలి చొరని సీసాలో పోసి, కాగితం చుట్టి, ఫ్రిజ్‌లో పెడితేనే రంగు నిలిచింది. వంటగది అలమరాలో ఉంచిన రెండో సీసా కొన్ని వారాలకే వెలిసిపోయింది.

ఇప్పుడు ఈ పొడి దేనికి? ముందు సగ్గుబియ్యం వడియాలు, ఎందుకంటే మొదలుపెట్టిందే దానికోసం. ఉడికిన పిండి చల్లారాక కలిపితే గులాబీ. ఎండాక లేత గులాబీ. నూనెలో వేయగానే పొంగి, తెల్లగా, ఎక్కడో కొద్దిగా మీగడ రంగుతో తేలాయి. రంగు ఉన్నట్టు రుజువు చేయాలంటే వేయించని వడియం చూపించాల్సిందే! ఇడ్లీ పిండిలో కలిపి చూశాను. పులిసిన పిండి కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడు ముచ్చటగానే ఉంది. ఆవిరి మీద పది నిమిషాలు దాటేసరికి గులాబీ పోయి గంధం రంగు మిగిలింది. హోటల్‌వాళ్ళలా పిండిలో చిటికెడు సోడా వేస్తే గంధం కూడా మిగలదు. బిస్కట్లు సరేసరి, ఓవెన్‌లోంచి అచ్చం గోధుమ బిస్కట్లలాగే వచ్చాయి.

వేడి తగలని చోట మాత్రం ఈ రంగుకి తిరుగులేదు. పెరుగు పచ్చడిలో, మజ్జిగలో, నిమ్మకాయ షర్బత్‌లో చెంచాడు పొడి కలిపితే చాలు. నిమ్మరసం పడగానే ఇంకాస్త మెరుగు వచ్చింది. మా అమ్మాయి స్నేహితురాళ్ళకి షర్బత్ ఇస్తే రంగు ఏం వేశారని అడగనివాళ్ళు లేరు. అడుగున మాత్రం నలుసులు పేరుకుంటాయి, గుడ్డలో వడకట్టాల్సి వస్తుంది. అప్పుడు పీచంతా గుడ్డలోనే ఉండిపోతుంది. గంటల తరబడి కరెంటు కాల్చి ఎండబెట్టి, మళ్ళీ నీళ్ళలో నానబెట్టి వడకట్టడం ఏం తెలివి అనిపించింది.

నీళ్ళలోనే కలిపేదాన్ని ఎండబెట్టడం ఎందుకు? ఆవిరి పట్టిన తొక్కని నిమ్మరసంతో మెత్తగా రుబ్బితే ముద్ద వచ్చింది. అప్పుడు బయటపడింది దీని అసలు స్వభావం. బెండకాయ కోసినప్పటి జిగట ఉంటుందే, అలాంటిది, కాకపోతే తీగ సాగదు. చెంచాతో తీస్తే నిలబడుతుంది. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కల్ని కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పడేశాను. పొడికన్నా సగం శ్రమ లేదు, డ్రయ్యర్ అక్కర్లేదు, వాన పడినా మబ్బు పట్టినా గొడవ లేదు. రంగు నెలలు గడిచినా చెక్కుచెదరలేదు. మా వాడు "నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు. చెప్పాడు.

ఆ ముద్దతో మొదట బాగుపడింది పుల్ల ఐసు. నీళ్ళు, చక్కెర, నిమ్మరసంతో ఇంట్లో చేసే పుల్ల ఐసు ఎప్పుడూ ఐసుగడ్డే. పీలిస్తే తీపి ముందే వచ్చేస్తుంది, చివరికి తెల్ల గడ్డ మిగులుతుంది. లీటరు షర్బత్‌కి నాలుగు ముక్కల ముద్ద కలిపి పోస్తే కొరకడానికి వీలుగా మెత్తగా వచ్చింది, ఆఖరుదాకా తీపి ఉంది. ఆ జిగురు నీళ్ళని పట్టి ఉంచి, పెద్ద పెద్ద ఐసు పలుకులు కట్టనివ్వదు. ఐస్‌క్రీముల్లో గోరుచిక్కుడు గింజల జిగురు కలిపేది కూడా ఇందుకే. రంగూ జిగురూ రెండూ పనిచేసిన చోటు నాకు ఇదొక్కటే దొరికింది.

జామ్‌లో మాత్రం రంగు పూర్తిగా పోయినా నాకు బాధ లేదు. అనాస పండులో పెక్టిన్ తక్కువ. ఒట్టి అనాసతో జామ్ చేస్తే ఎంత కలియబెట్టినా పాకంలా జారుతుంది, లేదా మరీ దగ్గరకి కాచితే మాడు వాసన. అందుకని తొక్క కషాయం కాచాను. అరకిలో తరిగిన తొక్కకి ముప్పావు లీటరు నీళ్ళు, రెండు నిమ్మకాయల రసం, సన్న సెగ మీద ముప్పావు గంట. గులాబీ మెల్లగా విరిగి ఎండుగడ్డి రంగుకి వచ్చింది. పల్చటి పంచె గుడ్డలో మూట కట్టి రాత్రంతా వేలాడదీశాను. పిండకూడదు, పిండితే మడ్డిగా దిగుతుంది. దిగినదాంట్లో పెక్టిన్ ఉందో లేదో చూడ్డానికి మా వాడొక చిట్కా చెప్పాడు. చెంచాడు కషాయం మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో వేసి కదపకుండా ఉంచితే, పెక్టిన్ ఉంటే జెల్లీ ముద్దలా విడిపడుతుంది. విడిపడింది. అది పరీక్షకే, నోట్లో పెట్టుకోకూడదు, పారబోయాలి.

కిలో అనాస గుజ్జు, 700 గ్రాముల చక్కెర, ఒక పెద్ద గ్లాసు కషాయం, ఇంకో నిమ్మకాయ. పెక్టిన్ గట్టిపడాలంటే పులుపూ చక్కెరా రెండూ సరిపడా ఉండాలి, ఒకటి తగ్గినా పని జరగదు. చల్లటి పళ్ళెంలో చుక్క వేసి వేలితో నెడితే ముడత పడే దాకా కాచి దించాను. మర్నాటికి సీసా వంచినా కదల్లేదు. బజారు జామ్ అంత బిగువు కాదు, మెత్తటి బిగువు. రొట్టె మీద రాయడానికి నాకు అదే నచ్చింది. బయట పెక్టిన్ పొడి కొనాలంటే చిన్న పొట్లానికే బోలెడు డబ్బు. ఇక్కడ ఖర్చల్లా గ్యాసు.

మూటలో మిగిలిన తొక్క పిప్పిని చూసి మా అత్తయ్య "ఇది కూడా పారేస్తావా?" అని దెప్పింది. ఆవిడే పొయ్యి దగ్గరికి వచ్చి నూనెలో నువ్వులు, ఎండుమిర్చి, జీలకర్ర వేయించి, పిప్పిలో తడి ఇగిరిపోయేదాకా మగ్గించి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి వేసి రోట్లో నూరింది. ఇంగువ తాలింపు. పచ్చి తొక్కతో కూడా తర్వాత చేశాం, అప్పుడు పచ్చిమిర్చి వాడితే ఇంకా బాగుంది. రంగు ఇటిక రంగు, చూడ్డానికి ఏమంత లేదు. తొక్కకి సొంత రుచి లేదు కాబట్టి నువ్వులూ చింతపండూ ఎంత చెబితే అంత. బీరపొట్టులో ఉండే ఆ కమ్మదనం దీనికి రాదు, అది ఒప్పుకోవాలి. కానీ వేడన్నంలో కలిపితే నూనె తక్కువ వేసినా పచ్చడి ముద్దకి పట్టుకుంటుంది, విడిపోదు. "బీరకాయలు దొరకనప్పుడు చేసుకోవచ్చులే అమ్మాయ్" అంది అత్తయ్య. ఆవిడ నోటి నుంచి అది పెద్ద మెప్పే.

మిగిలిన పొడి వృథా కాలేదు. చపాతీ పిండి కిలోకి 30 గ్రాములు కలిపితే నీళ్ళు కొంచెం ఎక్కువ పట్టింది, మధ్యాహ్నం బాక్సు తెరిచేసరికి చపాతీలు ఇంకా మెత్తగా ఉన్నాయని మావారు చెప్పారు. 50 గ్రాములకి పెంచితే పిండి కర్రకి అంటుకుని విసిగించింది, కాలిన చపాతీ మీద ముదురు మచ్చలు కూడా పడ్డాయి. కందిపొడిలోనూ కలిపాను. అక్కడ దాని వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఈ పండు గురించి వాట్సాప్‌లో తిరిగే మాటలు మా ఇంటికీ వచ్చాయి. తొక్క పొడి తింటే షుగరు మాయమవుతుందనీ ఇంకేవో పెద్ద రోగాలు కుదురుతాయనీ. ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే, ఇందులో పీచు ఉంది, జిగురు ఉంది, అంతవరకే నాకు తెలుసు. అలవాటు లేనివాళ్ళు ఒకేసారి ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది. ఎర్ర గుజ్జు పండు బాగా తిన్న మర్నాడు మూత్రం గులాబీగా కనపడితే గాభరా పడక్కర్లేదు, బీట్‌రూట్‌కి కూడా కొందరికి అంతే. పక్కింటి పిల్లాడి విషయంలో వాళ్ళమ్మ కంగారుగా పరిగెత్తుకొచ్చినప్పుడు ఈ మాట నాకు బాగా పనికొచ్చింది.

అమ్మకం గురించి కూడా చెప్పాలి. నా పొడులకీ పచ్చళ్ళకీ ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ ఉంది. డ్రాగన్ పండు గుజ్జు అందరూ తినేదే, తొక్క అలా కాదు. మన దగ్గర తిండిగా వాడుక లేని పదార్థాలకి ముందస్తు అనుమతి కావాలని 2017లో ఆ సంస్థ విడిగా నిబంధనలు తెచ్చింది. తొక్క పొడిని ఆ గాటన కడతారో లేదో తేలకుండా సీసాల మీద పేరు రాసి అమ్మడం నాకు ఇష్టం లేదు. అందుకని ఇప్పటిదాకా ఇంట్లోకీ చుట్టాలకీ తప్ప బయటికి ఇవ్వలేదు. వడియాల్లోకి మళ్ళీ బీట్‌రూట్ రసమే కలుపుతున్నాను, అడిగినవాళ్ళకి అదే చెబుతున్నాను.

లెక్క వేస్తే పొడి వ్యాపారం నాబోటివాళ్ళకి గిట్టదు. వదిన డ్రయ్యర్‌లో ఒక వాయికి రెండు కిలోల తొక్క పడుతుంది, నాలుగైదు యూనిట్ల కరెంటు కాలుతుంది, చేతికొచ్చేది 150 గ్రాములు. దానికి ముందు పొలుసులు కత్తిరించే కూలి ఎవరు లెక్కకడతారు? పెద్ద జ్యూస్ ఫ్యాక్టరీవాళ్ళకి తొక్క ఒకేచోట టన్నుల్లో పడుతుంది కాబట్టి వాళ్ళు చేస్తే అందం. ముద్ద, కషాయం మాత్రం ఇంటి స్థాయిలో హాయిగా సాగుతాయి. ఈసారి సీజన్ మొదలవగానే పొడి జోలికి పోకుండా ఫ్రీజర్ కింది అర మొత్తం ముద్దకే కేటాయించమని అడిగాను. చేపలు ఎక్కడ పెట్టాలని మావారు బేరం పెట్టారు, ఇంకా తెగలేదు. జ్యూస్ సెంటర్ అబ్బాయి కూడా ఇన్నాళ్ళు ఊరికే ఇచ్చిన తొక్కకి కిలో పది రూపాయలు అడుగుతున్నాడు. స్టిక్కర్లు పీకి, పొలుసులు కత్తిరించి ఇస్తే పదిహేను ఇస్తానన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.